ముక్కు దారి ఆపరేషన్: నూరేండ్ల చరిత్ర, మా ఇంటి ముచ్చట



నేను రాసేవి ఎక్కువగా మిల్లుల చరిత్ర, వలసల చరిత్ర అని మీకు తెలుసు. 1877లో జూనీ మిల్లు మొదలైన సంగతి, మన తాతలు నల్లగొండ, పాలమూరు, కరీంనగర్ దిక్కు నుంచి మూటాముల్లె కట్టుకుని సోలాపూర్ చేరిన సంగతి ఇంతకుముందు రాశాను. ఈసారి రాసేది ఒక ఆపరేషన్ చరిత్ర. కొంచెం పెద్దదే. ఓపికగా చివరిదాకా చదవండి. కారణం ఉంది.

పోయిన ఆదివారం సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు మన గల్లీలోని ఒక ఇంటి సంగతి వచ్చింది. పేరు రాయను. ఆ ఇంటి కోడలికి ఏడాదిగా తలనొప్పి, చూపు తగ్గుతోంది. ఎమ్మారై తీస్తే మెదడు కింద ఉండే పీయూష గ్రంథిలో గడ్డ ఉందని తేలింది. ముక్కులోంచి దుర్బిణి పెట్టి తీసేయాలని డాక్టర్లు చెప్పి రెండు నెలలైంది. ఇంట్లోవాళ్ళకు ధైర్యం చాలడం లేదు. ఆ మాట మీద ఒక పెద్దాయన, "ముక్కులకెల్లి మెదడు ఆపరేషనా? ఇదంతా కొత్త ప్రయోగం. పేదోళ్ళ మీద చేసి చూస్తరు" అన్నారు. అందరూ తలూపారు. నేను కూడా అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ఆపరేషన్ మా ఇంట్లో జరిగింది. దాని చరిత్ర కూడా నేను అప్పటినుంచి వెతికి వెతికి చదువుతున్నాను. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పెద్దబావ సంగతి. ఆయన చద్దర్ల కార్ఖానాలో ఇరవై ఏండ్లు దాటి పనిచేశాడు. రెండు మగ్గాలు ఒక్కడే చూసుకునేవాడు. 2010 ప్రాంతంలో మొదట చెప్పుల దగ్గర తేడా వచ్చింది. ఎనిమిదో నంబరు పట్టే కాలికి తొమ్మిది కావలసి వచ్చింది, మరుసటి ఏడు పది. పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోతే సరాఫ్ బజారుకు పోయి కోయించాం. వేళ్ళు లావెక్కి, తెగిన పోగును ముడివేస్తే ముడి జారిపోయేది. చిన్నప్పటినుంచి కళ్ళు మూసుకుని వేసే ముడి అది. "వయసు పైబడ్డది" అనుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై రెండు.

తర్వాత చూపు. ఎదురుగా ఉన్న మగ్గం బాగానే కనిపించేది, పక్కనున్న రెండో మగ్గం కనిపించేది కాదు. అక్కడ పోగు తెగినా తెలిసేది కాదు. చద్దర్‌లో గీతలు పడి మాలు వెనక్కి వచ్చేది, కూలీలో కోత పడేది. కళ్ళజోడు మూడుసార్లు మార్చాం. ఇంట్లో నడుస్తూ నడుస్తూ తలుపు చెక్కకు భుజం కొట్టుకునేవాడు. మేము నవ్వేవాళ్ళం. "ఏంది బావా, పొద్దుగాలనే ఏసినవా?" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. ఆయనకు తాగుడు అలవాటు లేదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మూడేండ్లు అట్లా పోయాయి. చివరికి ఒక కంటి డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, తన వేలును పక్క నుంచి మెల్లగా లోపలికి తెస్తూ "కనబడంగనే చెప్పండి" అన్నది. రెండో కన్ను కూడా అట్లాగే చూసింది. కుడి కంటికి కుడి దిక్కు లేదు, ఎడమ కంటికి ఎడమ దిక్కు లేదు. "ఇది కళ్ళజోడుతో పోయేది కాదు. తలకు స్కాన్ తీయించండి" అన్నది.

ఎందుకు అంచులే పోయాయి, నడుమ ఎందుకు మిగిలింది? నేతగాళ్ళకు ఇది సులువుగానే అర్థమవుతుంది. రెండు కళ్ళ నుంచి రెండు నరాలు వెనక్కి మెదడులోకి పోతాయి. ఒక్కో నరంలో లక్షల సన్నటి పోగులు. పోయే దారిలో ఆ రెండు నరాలు ఒకచోట కలుస్తాయి. అక్కడ ప్రతి కంటి పోగుల్లో ముక్కు వైపువి అవతలి దిక్కుకు దాటుతాయి, మిగిలినవి తమ దిక్కునే సాగిపోతాయి. పక్క చూపును మోసేవి ఆ దాటే పోగులే. సరిగ్గా ఆ దాటే చోటు కిందనే పీయూష గ్రంథి ఉంటుంది. శనగగింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. దానిలో గడ్డ పెరిగి పైకి తోస్తే మొదట నలిగేది ఆ నడిమి పోగులే. అందుకే మనిషికి ఎదుటిది కనిపిస్తుంది, పక్కవి పోతాయి. ఆయనకు కూడా తెలియదు, ఎందుకంటే కంటి డాక్టరు గోడమీద అక్షరాలు చదవమంటే చదువుతాడు.

ఈ గ్రంథి ఒంట్లోని చాలా గ్రంథులను నడిపిస్తుంది. ఎదుగుదల, నెలసరి, పాలు పడటం, థైరాయిడ్, ఒత్తిడిని తట్టుకునే శక్తి అన్నీ దీని చేతిలోనే. దీనిలో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. కానీ కొన్ని గడ్డలు హార్మోన్‌ను ఎక్కువగా కక్కుతాయి. మా బావకు ఎదుగుదల హార్మోన్ ఎక్కువైంది. పెద్దయ్యాక అది ఎక్కువైతే ఎత్తు పెరగరు, చేతులు, కాళ్ళు, దవడ లావెక్కుతాయి. దీనికి 1886లో పారిస్ డాక్టర్ పియర్ మారీ అక్రోమెగలీ అని పేరు పెట్టాడు. చెప్పుల నంబరు మారడం వెనక ఉన్నది అదే.

ఇక చరిత్రలోకి వస్తాను.

ఇంగ్లీషులో ఈ గ్రంథిని పిట్యూటరీ అంటారు. ఆ పేరు వచ్చింది లాటిన్‌లో చీమిడికి ఉన్న మాట నుంచి. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ మొదలుకుని 1543లో శరీర నిర్మాణం మీద పెద్ద గ్రంథం అచ్చువేసిన వెసాలియస్ దాకా అందరూ ఒకటే నమ్మారు: మెదడులోని మురికి ఈ గ్రంథిలోంచి వడకట్టుకుని ముక్కులోకి చీమిడిగా దిగుతుందని. 17వ శతాబ్దంలో జర్మనీలో ష్నైడర్, ఇంగ్లండ్‌లో రిచర్డ్ లోయర్ అది తప్పని తేల్చారు. మెదడు నుంచి ముక్కుకు అలాంటి కాలువేదీ లేదు. కానీ పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని పీయూష గ్రంథి అన్నారు. పీయూషం అంటే అమృతం. వాళ్ళు చీమిడి అన్నదాన్ని మనవాళ్ళు అమృతం అన్నారు.

ముక్కుకు, ఆ గ్రంథికి కాలువ లేకపోయినా పొరుగు మాత్రం ఉంది. ముక్కు లోపల చివరికంటా పోతే స్ఫినాయిడ్ అనే గాలి నిండిన చిన్న ఖాళీ గది వస్తుంది. ఆ గది వెనక గోడ, పైకప్పు కలిసే చోట గుర్రపు జీను ఆకారంలో ఒక ఎముక గుంత ఉంటుంది. పీయూష గ్రంథి ఆ గుంతలో కూర్చుని ఉంటుంది. నడుమ ఉన్నది పలుచని ఎముక పొర. అంటే పుర్రె కోసి, మెదడును పక్కకు జరిపి పోయే దారి కన్నా ముక్కు దారి దగ్గర. మెదడును తాకనవసరం లేదు.

అయినా మొదట అందరూ పైనుంచే పోయారు. 1889లో లండన్‌లో విక్టర్ హార్స్లీ పుర్రె తెరిచి ఈ గ్రంథికి ఆపరేషన్ చేశాడు. అప్పట్లో ఆ దారిన పోయినవాళ్ళలో చాలామంది బతకలేదు. 1907 మార్చిలో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ మొదటిసారి ముక్కు దారిన పోయాడు. కానీ ఎట్లా? బయటినుంచి ముక్కును కోసి పక్కకు తిప్పి, లోపలి ఎముకలు తీసేసి. రోగి ఆపరేషన్‌ను తట్టుకున్నాడు, రెండున్నర నెలలకు చనిపోయాడు. గడ్డ పెద్ద భాగం లోపలే మిగిలిపోయింది. ఫలితం బాగా రాలేదు కానీ దారి ఉందని తెలిసింది.

1910లో వియన్నాలో ఆస్కార్ హిర్ష్ అనే ముక్కు డాక్టరు ఒక మెట్టు పైకెక్కాడు. ముఖం మీద కోత లేకుండా, ముక్కు రంధ్రంలోంచే, మత్తు మందు అక్కడికక్కడే ఇచ్చి, రోగి మెలకువగా ఉండగా చేశాడు. అదే కాలంలో అమెరికాలో హార్వీ కుషింగ్ పై పెదవి కింద, చిగురు మీద కోసి, ముక్కు నడిమి దూలం పక్కనుంచి లోపలికి పోయే పద్ధతిని స్థిరపరిచాడు. మెదడు సర్జరీకి ఆదిగురువు అని లోకం చెప్పుకునే మనిషి ఆయన. 1910 నుంచి 1925 వరకు ఈ దారిన 231 ఆపరేషన్లు చేశాడు. చనిపోయినవాళ్ళు నూటికి 5.6 మంది. పెన్సిలిన్ లేదు, స్టెరాయిడ్ మందులు లేవు, సీటీ స్కాన్ లేదు. నుదుటి మీద దీపం పెట్టుకుని అరచేతి లోతుకు మించిన సన్నటి సొరంగంలో పని. ఆ కాలానికి అది చాలా గొప్ప లెక్క.

పెద్దాయన "కొత్త ప్రయోగం" అన్నారు కదా. మన జూనీ మిల్లు మొదలైన ముప్పై ఏండ్లకే ఈ ఆపరేషన్ మొదలైంది. మన నీలం నగర్‌లో ఒక్క మగ్గం ఆడకముందు నుంచీ ఉంది.

అయితే ఇక్కడే కథ తిరిగింది. 1920ల చివరికి కుషింగే ఈ దారిని వదిలేశాడు. కారణాలు ఉన్నాయి. సొరంగంలో వెలుతురు చాలదు. గడ్డ పైకి ఎంత పెరిగిందో కింద నుంచి కనిపించదు, మిగిలిన ముక్క మళ్ళీ పెరుగుతుంది. ముక్కులోంచి క్రిములు లోపలికి పోతే మెదడు పొరలు వాస్తాయి, దానికి మందు లేదు. ఆలోపు పుర్రె తెరిచి చేయడంలో ఆయన చేయి బాగా కుదిరింది, చూపు కూడా ఆ దారిలో మెరుగ్గా తిరిగొస్తోంది. గురువు వదిలేస్తే శిష్యులు పట్టుకుంటారా? దాదాపు లోకమంతా వదిలేసింది. ముప్పై ఏండ్లపాటు ముక్కు దారి పాతబడిన, తప్పిపోయిన దారి అనే పేరు తెచ్చుకుంది.

పూర్తిగా పోకుండా ఇద్దరు పట్టుకున్నారు. ఒకరు వియన్నా హిర్ష్. ఆయన యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక అరవై దాటిన వయసులో దేశం విడిచి బోస్టన్ చేరాడు. వలస వచ్చినచోట మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి అదే ఆపరేషన్ కొనసాగించాడు. వలస అంటే ఏమిటో, చేతిలో ఉన్న పనిని కొత్త ఊళ్ళో నిలబెట్టుకోవడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

రెండోవాడు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో డాక్టరు నార్మన్ డాట్. ఆయన డాక్టరీ చదవకముందు ఇంజినీరింగ్ కార్ఖానాలో అప్రెంటిస్. మోటార్ సైకిల్ ప్రమాదంలో కాలు దెబ్బతిని ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు మనసు వైద్యం మీదకు మళ్ళింది. 1923లో బోస్టన్ వెళ్ళి కుషింగ్ దగ్గర ఈ పని చూసి నేర్చుకున్నాడు. గురువు మానేసినా ఆయన మానలేదు. కార్ఖానా చేయి కదా, లోపలికి పెట్టే పనిముట్టుకే చిన్న దీపం అమర్చుకున్నాడు. 1956 నాటికి వరసగా 80 మందికి చేసి ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు.

ఆ 1956లోనే పారిస్ నుంచి జెరార్ గియో అనే సర్జన్ ఎడిన్‌బరో వచ్చి డాట్ పక్కన నిలబడి చూశాడు. ఫ్రాన్స్ తిరిగిపోయి వేయికి పైగా ఆపరేషన్లు చేశాడు. పనిముట్టు కొన ఎక్కడుందో ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ చేసే పద్ధతి తెచ్చాడు. ఆయన దగ్గర కెనడా నుంచి వచ్చిన జూల్ హార్డీ నేర్చుకున్నాడు. మాంట్రియల్ తిరిగిపోయి 1960లలో దీనికి మైక్రోస్కోప్ జోడించాడు. దాంతో మంచి గ్రంథి ఏదో, గడ్డ ఏదో కంటికి తేడా తెలిసింది. గింజంత గడ్డను తీసి గ్రంథిని మిగల్చడం సాధ్యమైంది. ఆలోపు యాంటీబయాటిక్స్ వచ్చాయి, గ్రంథి పనిచేయకపోయినా మనిషిని నిలబెట్టే కార్టిజోన్ వచ్చింది. వదిలేసిన దారి మళ్ళీ పెద్ద రోడ్డయింది.

కుషింగ్ నుంచి డాట్, డాట్ నుంచి గియో, గియో నుంచి హార్డీ. ఒకరి పక్కన ఒకరు నిలబడి చేతులు చూసి నేర్చుకున్న పని. మన ఇండ్లల్లో పని వచ్చిన తీరు కూడా ఇదే కదా. తాత పక్కన నాయన, నాయన పక్కన మనం. డాట్ కూడా "గురువే వదిలేశాడు, నాకెందుకు" అనుకుంటే ఆ వరస అక్కడే తెగిపోయేది.

ఇక దుర్బిణి సంగతి. మైక్రోస్కోప్ బయట ఉండి సొరంగంలోకి చూస్తుంది. కార్ఖానా షటర్ బయట నిలబడి టార్చి కొట్టినట్టు, ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, మూలలు కనిపించవు. టార్చి పట్టుకుని లోపలికి పోతే? దుర్బిణి, అంటే ఎండోస్కోప్, చేసేది ఆ పని. దీని వెనక ఉన్న మనిషి హెరాల్డ్ హాప్కిన్స్, లండన్ తూర్పు వాడల్లో పేద ఇంట్లో పుట్టినవాడు. 1959లో సన్నటి గొట్టంలో గాజు కడ్డీలు వరసగా పేర్చి బొమ్మ స్పష్టంగా వచ్చేటట్టు చేశాడు. జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ ఆ పద్ధతిలో పనిముట్లు తయారుచేసి లోకానికి అందించాడు.

అంతకంటే ముందు ముచ్చట ఇంకొకటి ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్స్ దగ్గర ఒక పంజాబీ విద్యార్థి ఉండేవాడు. మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఇద్దరూ కలిసి సన్నటి గాజు పోగులను కట్టగా కట్టి వాటిలోంచి బొమ్మను పంపి చూపించారు. 1954లో నేచర్ పత్రికలో అచ్చయింది. వంగిన పోగులోంచి కూడా వెలుగు పోతుంది. ఈనాడు ఆపరేషన్ గదిలో దుర్బిణికి వెలుగు తెచ్చే తీగలో ఉన్నది ఆ గాజు పోగులే. బల్బు బయటనే ఉంటుంది కాబట్టి లోపల వేడి తగలదు. కపానీకి 2021లో, చనిపోయిన తర్వాత, పద్మవిభూషణ్ ఇచ్చారు. నూలు పోగు మీద బతికే మనకు ఆ పేరు తెలిసుండాలి.

గియో 1960ల మొదట్లోనే దుర్బిణి పెట్టి చూశాడు కానీ అప్పటి బొమ్మ పనికి చాలలేదు. 1992లో ఫ్రాన్స్‌లో జంకోవ్‌స్కీ బృందం దుర్బిణితో గడ్డలు తీసి రాసింది. 1997లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కొరియా నుంచి వచ్చిన మెదడు సర్జన్ హే డాంగ్ జో, ముక్కు సర్జన్ రికార్డో కరావ్ కలిసి 50 మంది రోగుల అనుభవం ప్రకటించారు. అప్పటినుంచి ఇది లోకమంతా పాకింది. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల లావు గొట్టం ఒక రంధ్రంలోంచి, పనిముట్లు రెండో రంధ్రంలోంచి. ముక్కు డాక్టరు, మెదడు డాక్టరు ఇద్దరూ ఒకే తెర చూస్తూ చేస్తారు. గొట్టం కొన వాలుగా ఉన్నవి కూడా ఉంటాయి, వాటితో మూల తిరిగి చూడొచ్చు. ముఖం మీద కోత ఉండదు, పెదవి కింద కుట్లు ఉండవు.

ఆఖరున ఆ దారిని మూయాలి. మూయకపోతే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. పొట్ట కొవ్వు, తొడ మీది పొర ముక్క పెట్టి మూస్తారు. పెద్ద రంధ్రమైతే ముక్కు నడిమి గోడ మీది మెత్తని పొరను ఒక కొస అంటుకుని ఉండేటట్టు కోసి, తిప్పి, రంధ్రం మీద పరుస్తారు. కొస తెగలేదు కాబట్టి రక్తం అందుతూనే ఉంటుంది, పొర బతుకుతుంది. ఇది 2006లో ప్రకటించిన పద్ధతి. దీని సూత్రం మాత్రం మనకు పక్కనే ఉన్న పూణేలో రెండు వందల ఏండ్ల ముందే తెలుసు.

1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుల బండి తోలే కావస్‌జీ అనే ఆయన టిప్పు సైన్యానికి బందీగా చిక్కాడు. ముక్కు, ఒక చేయి కోసి పంపేశారు. ఏడాది తర్వాత పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక పనివాడు ఆయనకు కొత్త ముక్కు కట్టాడు. మైనంతో ముక్కు కొలత తీసి, ఆ ఆకారాన్ని నుదుటి మీద గీసి, కళ్ళ నడుమ ఒక కొస వదిలి చర్మాన్ని లేపి, కిందికి తిప్పి అతికించాడు. అతకడానికి వాడింది మన పాన్‌లో వేసే కాచు. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో ఆ కొసను కోసేశాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూశారు. 1794 అక్టోబరులో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివి లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ 1814లో ఆ ఆపరేషన్ చేశాడు. ఆ ఇటుకల పనివాని పేరు ఎవరూ రాసిపెట్టలేదు. చేతిపని కులాల చరిత్రలో ఇది మామూలే. కానీ కొస తెంచకుండా తిప్పి అతికించే ఆ ఒడుపు ఈనాటికీ పనిచేస్తోంది.

మన దేశంలో మెదడు సర్జరీ 1949లో వెల్లూరులో జేకబ్ చాండీతో, 1950లో మద్రాసులో బి. రామమూర్తితో నిలదొక్కుకుంది. 1950లలోనే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎస్. బాలపరమేశ్వరరావు తెలుగు నేల మీద ఈ విభాగాన్ని నడిపారు. ఈరోజు హైదరాబాద్, పూణే, ముంబైలలో ముక్కు దారి ఆపరేషన్ రోజువారీ పని.

మళ్ళీ మా బావ దగ్గరికి వస్తాను. 2013లో హైదరాబాద్ తీసుకుపోయాం, చుట్టాలున్నారు, భాష కలుస్తుంది అని. మా అత్తమ్మ అయితే స్టేషన్ దాకా ఏడుస్తూనే ఉంది, "ముక్కులకెల్లి మెదడు గుంజుతరా కొడుకా?" అని. వార్డులో బావ కూడా భయపడి నోరు విప్పలేదు. ధైర్యం చెప్పింది మా మేనల్లుడు, అప్పటికి ఎనిమిదో తరగతి. "నాన్నా, గ్రేట్ ఖలీకి గూడ ఇదే గడ్డ. పోయినేడు అమెరికాల తీసిన్రు. మల్ల కుస్తీ పట్టిండు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. ఖలీకి 2012 జులైలో పిట్స్‌బర్గ్‌లోనే ఆపరేషన్ అయింది. బావ మొదటిసారి నవ్వాడు.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తర్వాత ముక్కులో గుడ్డ పెట్టి ఉండటంతో నోటితోనే ఊపిరి. చీదొద్దు, వంగొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమన్నారు. తాగిన నీళ్ళు, పోసిన మూత్రం కొలిచి రాసుకునేవాళ్ళు, ఎందుకంటే కొందరికి ఈ ఆపరేషన్ తర్వాత విపరీతమైన దాహం పట్టుకుంటుంది. మూడో రోజు పొద్దున నేను మంచం పక్కన నిలబడితే, తల తిప్పకుండానే "ఎప్పుడొచ్చినవ్ రా?" అన్నాడు. నేను బయటికి పోయి ఏడ్చాను.

అంతా మంచే జరిగింది అని మాత్రం చెప్పను. కుడి కంటి చూపు చాలావరకు వచ్చింది. ఎడమ కంటికి పక్క చూపు ఇప్పటికీ సగమే. నరం మూడేండ్లు నలిగింది, ఎంత ఎక్కువ కాలం నలిగితే అంత తక్కువ తిరిగొస్తుందని డాక్టరు చెప్పారు. వేళ్ళ వాపు తగ్గింది, పెరిగిన దవడ ఎముక తగ్గలేదు. రోజూ మాత్ర వేసుకుంటాడు. రెండు మగ్గాల పని మళ్ళీ చేయలేకపోయాడు. ఇప్పుడు టవళ్ళు మడతపెట్టే పనిలో ఉన్నాడు, కూలీ తక్కువ. మా అక్క నాలుగు తులాలు తాకట్టులో పోయాయి. చూపు సగం పోగొట్టింది ఆపరేషన్ కాదు, దానికి ముందు మేము పోగొట్టుకున్న మూడేండ్లు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2012 జులై 2న రాష్ట్రంలో 8 జిల్లాల్లో మొదలైన జీవన్‌దాయీ ఆరోగ్య యోజన తొలి విడతలోనే మన సోలాపూర్ ఉంది. ఇప్పుడు దాన్నే మహాత్మా ఫులే జన ఆరోగ్య యోజన అంటున్నాం. మేము ఆ సంగతి అడగాలని కూడా తెలియక బంగారం అమ్ముకున్నాం. మీరు ఆ తప్పు చేయకండి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో రాయించుకోండి.

ఆ పెద్దాయనకు నా జవాబు ఇది. కాకా, ఇది ప్రయోగం కాదు. నూరేండ్లకు పైగా చేతులు మారుతూ వచ్చిన పని. ప్రమాదం లేదని అనను. నీరు కారవచ్చు, రక్తస్రావం కావచ్చు, హార్మోన్ మాత్రలు జీవితాంతం వేసుకోవలసి రావచ్చు. పాల హార్మోన్ ఎక్కువయ్యే గడ్డలు చాలావాటికి మాత్రలే చాలు, ఆపరేషన్ అక్కరలేదు. మరీ పెద్దవి, పక్కకు పాకినవి ఇప్పటికీ పైనుంచి తీస్తారు. అందుకే రెండో డాక్టరును అడగడం తప్పు కాదు. అడగకుండా, పోకుండా ఇంట్లో కూర్చోవడం తప్పు. చూపు తగ్గుతున్నప్పుడు ఆగే ప్రతి నెలకూ ఖరీదు ఉంది, మా ఇంట్లో కట్టాం.

సంఘానికి ఒక మనవి. వచ్చే ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగరుతో పాటు పక్క చూపు కూడా చూపించుకునే ఏర్పాటు చేద్దాం. యంత్రం లేకపోయినా ఇంట్లో ఒకసారి చూసుకోవచ్చు. ఇద్దరు ఎదురెదురుగా చేయి చాపినంత దూరంలో కూర్చోండి. ఒక కన్ను మూసి ఎదుటివాళ్ళ ముక్కు మీదనే చూపు నిలపండి. వాళ్ళు వేలిని పక్కనుంచి మెల్లగా లోపలికి తేవాలి. రెండు కళ్ళకూ బయటి దిక్కు ఆలస్యంగా కనబడుతుంటే కళ్ళజోడు దుకాణానికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి పోయి ఫీల్డ్ టెస్ట్ అడగండి. ఇంట్లో చేసేది డాక్టరు పరీక్షకు బదులు కాదు, అనుమానం తీర్చుకునే మొదటి మెట్టు. చెప్పుల నంబరు మారినా, ఉంగరం బిగిసినా, ఆడపిల్లకు నెలసరి ఆగి బాలింత కాకుండానే పాలు వచ్చినా సిగ్గుపడి దాచకండి.

ఆ కోడలు వాళ్ళ ఇంటికి బుధవారం సాయంత్రం పోదామనుకుంటున్నాను. బావ కూడా వస్తానన్నాడు. "నేను జెప్తే ఇంటరు, నా ముక్కు సూపిస్త" అన్నాడు. ఆ దారి తెలిసినవాళ్ళు ఇంకెవరైనా మన వాడలో ఉంటే మాతో రండి. సంఘం ఆఫీసు దగ్గర ఆరు గంటలకు కలుద్దాం.